ముగ్గురాయి గోడ

నేను ఒక గోడను. ఇళ్లలో కనబడే గోడల్లాంటివాణ్ని కాదు. నాకు కిటికీ లేదు, నా మీద ఎవరూ దేవుడి పటం తగిలించరు, పిల్లలు బొగ్గుతో బొమ్మలు గీయరు. మనిషి వెల్లకిలా పడుకుంటే ఎంత పొడవుంటాడో నా మందం అంత. విశాఖ నుంచి విజయనగరం పోయే దారిలో, క్యాన్సరుకు వైద్యం చేసే ఒక ధర్మాసుపత్రి నేలమాళిగలో నిలబడి ఉన్నాను. నా లోపలివైపు కిరణాలు కక్కే యంత్రం ఉంది. ఆ కిరణాలు బయటికి పోకుండా నాలో ఇంకించుకోవడమే నా ఉద్యోగం.

మనుషుల తీరు నాకిక్కడే కొంత తెలిసింది. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, భయం లేదని, నొప్పి ఉండదని, మంచి జరుగుతుందని చెబుతారు. చెప్పిన మరుక్షణం డాక్టరు, నర్సు, కన్నతల్లి, కట్టుకున్నవాడు అందరూ గబగబా బయటికి వచ్చేసి నా వెనక నిలబడతారు. లోపల ఆ మనిషి ఒక్కడే ఉంటాడు. బయటివాళ్లు నన్నొకసారి తడిమి చూసుకుంటారు, సరిపడా మందంగా ఉన్నానో లేదో అని.

అంత నమ్మకం సంపాదించుకోవడానికి నేనేం చేశానో వాళ్లకు తెలియదు.

నా శరీరంలో ఎక్కువ భాగం కడప పక్క మంగంపేట గనుల నుంచి వచ్చిన ముగ్గురాయి. చూడటానికి బూడిదరంగు రాయే, ఎత్తబోతే మాత్రం చెయ్యి కిందికి లాగేస్తుంది. ఆ రాతిని పగలగొట్టి, సిమెంటు, ఇసుక, కరెంటు కేంద్రం నుంచి తెచ్చిన బొగ్గుబూడిద, నీళ్లు, నీళ్లకన్నా ఎక్కువగా పారించే ఒక మందు కలిపితే నేను తయారయ్యాను. మా జాతిని తనంతట తాను కుదురుకునే కాంక్రీటు అంటారు. మామూలు కాంక్రీటు మొండిది. పోసినచోటే కుప్పగా కూర్చుంటుంది. వైబ్రేటరు దించి ఒళ్లంతా కుదిపితే గాని మూలలకు వెళ్లదు. మాకు ఆ పొడుపులు అక్కర్లేదు. ఇనుప చువ్వలు ఎంత దట్టంగా ఉన్నా వాటి మధ్య నుంచి చప్పుడు చేయకుండా పాకి, సందు లేకుండా నిండి, పైన అద్దంలా చదునైపోతాం.

మాలోనూ శాఖలున్నాయి. బూడిద, రాతిపొడి ఎక్కువ వేస్తే చిక్కబడేవాళ్లు కొందరు. జిగురు మందు చుక్కలతో చిక్కదనం తెచ్చుకునేవాళ్లు కొందరు. రెండూ పడితే గాని దారికి రానివాళ్లు మరికొందరు. ఉక్కుపోచలు కలుపుకుని పగుళ్లకు ఎదురు నిలిచేవాళ్లున్నారు. తేలికరాయితో పుట్టి పై అంతస్తులకు ఎక్కేవాళ్లున్నారు. నేను బరువుశాఖవాణ్ని. నేలమాళిగలో పుట్టి అక్కడే ఉండిపోయేవాణ్ని.

మా అందరికీ ఉన్న గుణం ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మామూలు కాంక్రీటు పోసిన కాసేపటికే తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, చుట్టూ కట్టిన పలకలను ఒక హద్దు వరకే తోస్తుంది. మేం గట్టిపడేదాకా నీళ్లతో సమానం. పైన ఎంత ఎత్తు పోస్తే అడుగున అంత తోపుడు. పైన ఒక్క తట్టెడు పడినా ఆ బరువు అడుగు పలకకు తెలుస్తుంది. అందులోనూ నాది ముగ్గురాయి బరువు.

నన్ను పోయడానికి పలకలు కట్టిన షట్టరింగు మేస్త్రి గౌరినాయుడు. పార్వతీపురం పక్క మనిషి. నిలువెత్తు ఆకారం, పెద్ద గొంతు. అతను మెట్లు దిగుతుంటే కూలీలు బీడీలు పారేసేవాళ్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు, పైడితల్లి. ఆమె భర్త ధర్మారావును ఇటుకలు మోసే పని నుంచి తప్పించి, తనతో తిప్పి, కాంక్రీటు పంపు నడపడం నేర్పించింది గౌరినాయుడే. ఆ సంగతి ధర్మారావు మరిచిపోయేవాడేమో గాని, గౌరినాయుడు మరిచిపోనిచ్చేవాడు కాదు. పదిమందిలో "ఒరే" అని పిలిచేవాడు. తన చెప్పులు తెప్పించుకునేవాడు. ధర్మారావు నవ్వుతూ తెచ్చేవాడు. ఆ నవ్వు చెంపల దాకా వచ్చి ఆగిపోయేది.

నన్ను పోయడానికి ముందురోజు మిక్స్ ప్లాంటు నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఇనుపరేకు మీద గరాటా బోర్లించి నన్ను కొంచెం పోసి పైకెత్తింది. పెనం మీద అట్టులా గుండ్రంగా పరుచుకున్నాను. ఆమె తృప్తిగా తల ఊపి, ప్రాజెక్టు మేనేజరు చంద్రమౌళితో చెప్పింది. "సార్, ఇది నీళ్లలా తోస్తుంది. ఈ షట్టరింగు మామూలు కాంక్రీటుకు కట్టినట్టుంది. సపోర్టులు పెంచండి, లేకపోతే మెల్లగా, విడతలుగా పొయ్యండి."

విడతలుగా పోస్తే అతుకు పడుతుంది, అతుకు పడితే కిరణాలు కారతాయి. ఆ మాట చంద్రమౌళికి ఒకరు చెప్పక్కర్లేదు. సపోర్టులు పెంచాలంటే పని వెనక్కి పోతుంది. ఆయన పక్కనే నిలబడ్డ ధర్మారావు వైపు తిరిగి, "మీ బావకి చెప్పు, ఇంకో వరస కొట్టమని," అని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. తన బాధ్యత అక్కడితో తీరినట్టే అనుకున్నాడు.

ధర్మారావు వెళ్లి చెప్పాడు.

"బావా, రేపొచ్చే మాలు నీళ్లలాగ తోస్తాదంట. అడుగున ఇంకో వరస సపోర్టులు కొట్టమన్నారు సారు."

గౌరినాయుడు చేతిలో సుత్తి కింద పెట్టాడు. "ఎవులికిరా సెప్తన్నావు? బొత్తాము నొక్కడం వొచ్చీసరికి మేస్త్రివయిపోనావేటి?"

"నాను కాదు బావా, సారు సెప్పమంటే..."

మాట పూర్తికాకుండానే చెంప పేలింది. ముఠా అంతా పని ఆపి చూసింది. ఎవడో నవ్వాడు. నవ్విన వాడితో పాటు గౌరినాయుడు కూడా నవ్వి, ధర్మారావు భుజం తట్టి, "ఎల్లు, టీ పట్రా," అన్నాడు. అతని దృష్టిలో అది అక్కడితో అయిపోయింది. సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ వచ్చి, పలకలు తట్టి చూసి, అనుమానం కలిగిన చోట కొన్ని వాసాలు అదనంగా బిగించాడు. అవి చాలలేదు.

తెల్లారి లారీలు వరస కట్టాయి. ధర్మారావు నడుముకు రిమోటు తగిలించుకుని పై చెక్కల మీద నిలబడ్డాడు. హోసులోంచి నేను పలకల మధ్యకు జారాను. చీకటిగా, చల్లగా, చువ్వలతో కిక్కిరిసి ఉంది. సుఖంగా పాకుతూ నిండాను. వైబ్రేటర్ల గోల లేకపోవడంతో సైటంతా వింతగా నిశ్శబ్దంగా ఉంది. పంపు దరువు ఒక్కటే వినిపిస్తోంది. ఒక్కో దరువుకూ నేను కొంచెం పైకి లేచాను. లేచిన కొద్దీ అడుగున నా తోపుడు పెరిగింది.

నాకూ, అంతకుముందే కట్టేసిన ఎదుటి గోడకూ నడుమ ఒక మనిషి పట్టే సందు ఉంది. అడుగున పలక చివర సిమెంటు పాలు కారడం చూసి గౌరినాయుడు ఆ సందులోకి దిగాడు. మేకు బిగించి వచ్చేస్తాననుకున్నాడు. ఒంగి సుత్తి ఎత్తాడో లేదో, సపోర్టు జారి పలక అడుగు ఒక్కసారిగా బయటికి తన్నింది. అతని రెండు కాళ్లనూ మోకాళ్ల కింద పట్టుకుని ఎదుటి గోడకేసి నొక్కేసింది. నొక్కింది పలక అంటారు గాని, పలక వెనక ఉన్నది నేనే.

ఆ కేక పై దాకా వచ్చింది. "ఆపీ! ఒరే ధర్మా, ఆపీరా!"

ధర్మారావు ఆపాడు. ఆ మాట నిజం. బొత్తాము మీద బొటనవేలు తనంతట తానే పడింది. దరువు ఆగింది. కింద నలుగురు సందులోకి దూకి, జాకీ తెచ్చి, పలకను వెనక్కి నెట్టాలని చూశారు. కొంచెం కదిలింది కూడా. ఇంకాసేపు అలా వదిలి ఉంటే కాళ్లు బయటికొచ్చేవి. ఆ పలక మీద ఉన్నది నేను, ఆ సంగతి నాకు తెలుసు.

చంద్రమౌళి నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. అరవలేదు. మెత్తగానే మాట్లాడాడు.

"ఎందుకు ఆపావు?"

"బావ సార్... కింద ఇరుక్కున్నాడు."

"తియ్యడానికి కింద మనుషులున్నారు. ఇంకో మనిషెత్తు పొయ్యాలి. ఇప్పుడు ఆగితే అతుకు పడుతుంది. గోడ మొత్తం పగలగొట్టాలి. నీ పని నువ్వు చెయ్యి."

"పోస్తే పలక ఇంకా నొక్కుతాది సార్."

"నీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారో, ఆ మాట బావకు చేరవేసినందుకు తనకేం దొరికిందో ధర్మారావుకు గుర్తొచ్చింది. కింద నుంచి బావ అరుపు మళ్లీ వచ్చింది. ఈసారి బూతుతో కలిపి వచ్చింది. "ఏటి సూస్తన్నావురా లంజికొడకా!" కొత్తగా తిట్టిన తిట్టు కాదు. రోజూ వినేదే. ధర్మారావు ముఖంలో ఏదో మూసుకుపోయింది. బొటనవేలు మళ్లీ దిగింది. దరువు మొదలైంది.

ఎందుకు నొక్కాడో తర్వాత అతను వెయ్యిసార్లు తనను తాను అడుక్కున్నాడు. మేనేజరు భయమా, గోడ పోతుందనా, చెంప మంటా? నా మీద నుదురు ఆనించి గొణుక్కునే అలవాటు పడ్డాక నాకూ వినిపించేవి ఆ ప్రశ్నలు. జవాబు మాత్రం ఏ రోజూ వినిపించలేదు.

నేను పైకి లేచాను. పలక కదిలినంత మేరా మళ్లీ ముందుకొచ్చింది, ఆ తర్వాత ఇంకా వచ్చింది. జాకీ పట్టుకున్నవాళ్లు చేతులు వదిలేశారు. కాసేపు అరుపులు వినిపించాయి, తర్వాత మూలుగు, తర్వాత అదీ లేదు. నిండాక కూడా పలక విప్పలేదు. విప్పితే నేనంతా సందులోకి కారిపోతాను. అందుకని నేను గట్టిపడేదాకా ఆగారు. డాక్టరును తెచ్చి సూది మందు ఇప్పించారు, మొహాన తడిగుడ్డ వేశారు, ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కట్టారు. మనుషులు దయ చూపించగలిగినంత చూపించారు. సాయంత్రానికి నేను రాయినయ్యాను. పలక విప్పి అతన్ని మోసుకుపోయారు. పెద్దాసుపత్రిలో రెండు కాళ్లూ మోకాళ్ల పై దాకా తీసేశారు.

విచారణలో తప్పు షట్టరింగుదని తేలింది. అంటే గౌరినాయుడిదని. చంద్రమౌళికి మరింత పెద్ద ప్రాజెక్టు అప్పజెప్పారు. కొలిచేవాళ్లు వచ్చి నా బయట యంత్రం పెట్టి చూశారు. ఒక్క కిరణం కూడా కారలేదు. చాలా మెచ్చుకున్నారు.

ఆసుపత్రి ట్రస్టువాళ్లు గౌరినాయుడికి పరిహారం కింద ఉద్యోగమిచ్చారు. నా ముందు, లోపలికి పోయే దారి మొగలో, చేతుల కుర్చీలో కూర్చుని రోగులకు టోకెన్లు పిలవడం ఆ ఉద్యోగం. అతని కాళ్లు పోయిన చోటుకూ ఆ కుర్చీకీ మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత. ఎవరికీ అది వింతగా తోచలేదు.

ధర్మారావు పంపు పని మానేశాడు. ఆటో కొనుక్కున్నాడు. పొద్దున్నే బావను ఆటోలో తెచ్చి, వీపున వేసుకుని నేలమాళిగ మెట్లు దిగి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లేవాడు. సాయంత్రం మళ్లీ మోసుకుపోయేవాడు. ఇంట్లో పైడితల్లి అన్నకు స్నానం చేయించి, అన్నం పెట్టి, తిట్లు పడేది. ఆ తిట్లకు ఆమె నొచ్చుకునేది కాదు. మొగుడి మీద ఆమెకు అంతకుముందు లేని గౌరవం పుట్టింది. చవితికీ పండక్కీ అతని కాళ్లకు దండం పెట్టడం మొదలుపెట్టింది. కారణం ఉంది. పెద్దాసుపత్రిలో తెలివి రాగానే గౌరినాయుడు చెల్లెలితో అన్న మొదటి మాట ఇది: "మా ధర్మా పంపు ఆపబట్టి పేణంతో ఉన్నానే అమ్మా."

ధర్మారావు మంచం పక్కనే ఉండి ఆ మాట విన్నాడు. బావ పంపు ఆగిన చప్పుడు విన్నాడు, ఆ తర్వాత స్పృహ తప్పాడు, మళ్లీ మొదలైంది తెలియదు అనుకున్నాడు. దిద్దలేదు. దిద్దడానికి అనువైన రోజు మర్నాడు వస్తుందనుకున్నాడు.

నా ముందు కూర్చున్న గౌరినాయుడికి చేతినిండా సమయం. వంతు కోసం కూర్చున్నవాళ్లు అడక్కుండానే తన కథ చెప్పేవాడు. పలక తన్నడం, కాళ్లు ఇరుక్కోవడం, "ఆపీరా" అని అరవడం. ధర్మారావు వచ్చే వేళకు సరిగ్గా అక్కడికి చేరేది కథ. "ఇదిగో, ఈడే. మా చెల్లి మొగుడు. మేనేజరు పీక మీద కూకున్నా పంపు ఆపీసినాడు. ఈడు నేకపోతే ఈపాటికి నాను పోయీవోణ్ని." రోగులు, రోగుల తాలూకు వాళ్లు ధర్మారావును చూసి చేతులెత్తేవాళ్లు. రొమ్ము తీయించుకుని వచ్చిన ఒక ముసలామె లేచి అతని చెయ్యి కళ్లకద్దుకుంది. అతను చెయ్యి లాక్కుని గోడవైపు, అంటే నావైపు, తిరిగి నిలబడ్డాడు.

అది చాలక ఇంకోటి ఉండేది. లేని కాళ్లు నొప్పి పుట్టడం జబ్బుల్లో ఒక జబ్బట. గౌరినాయుడికి అది వచ్చేది. అందరూ చూస్తుండగా, "ఒరే ధర్మా, అరికాలు పీకేస్తందిరా. కాసింత పట్టు," అనేవాడు. మొదటిసారి ధర్మారావు అర్థంకాక నిలబడ్డాడు. "కిందకి. కుర్సీ కింద. ఆ, అక్కడ." ధర్మారావు గొంతుక్కూర్చుని, పాదం ఉండాల్సిన చోట గాలిని రెండు చేతులతో పిసికాడు. "ఇంకాస్త గట్టిగా. బొటనేలు. బొటనేలు సరిగ్గా నొక్కు," అని కళ్లు మూసుకునేవాడు గౌరినాయుడు. చూసేవాళ్లకు కళ్లు చెమర్చేవి. బావామరుదులంటే ఇలా ఉండాలి అనుకునేవాళ్లు.

ధర్మారావు చిక్కిపోయాడు. అన్నం సయించేది కాదు. ఆటో నడుపుతూ ఎవరో హారన్ కొడితే ఉలిక్కిపడేవాడు. ఒక సాయంత్రం ఆఖరి రోగి వెళ్లిపోయాక, యంత్రం గది తలుపు మూసి నర్సులు పైకి వెళ్లాక, బావను ఎత్తుకోవడానికి వచ్చినవాడు ఎత్తుకోకుండా కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు.

"బావా. ఒక మాట."

"లెగు. పొద్దోయింది."

"నాను ఆపలేదు బావా. ఒకపాలి ఆపినాను. మేనేజరు సెప్పగానే మళ్లీ నొక్కినాను. అంతా నిండేదాకా నొక్కతానే ఉన్నాను. నీకు తెల్దు. నువ్వు తెలివి తప్పిపోనావు." ఏడవకూడదని పళ్లు బిగబట్టాడు గాని మాటలు తడిసిపోయాయి. "నన్ను సంపీ. తిట్టు. మళ్లీ కొట్టు. పదిమందిలోన నాకు దండాలెట్టించకు బావా."

గౌరినాయుడు అతని నడినెత్తి వైపు చూశాడు. ముఖంలో ఆశ్చర్యం ఏ మూలా లేదు.

"తెల్దని ఎవులన్నార్రా?"

ధర్మారావు తలెత్తాడు.

"నువ్వు ఆపినప్పుడు పలక ఒదులయ్యింది. వేలెడు ఒదులయ్యింది. ఎడం కాలు లాగీబోతన్నాను. అప్పుడు మళ్లీ మొదలెట్టినావు. ఒక దరువు కొడితే ఒకపాలి నలిగేది. ఆ నలిగిన కాళ్లు నావిరా. నాకు తెలీకుండా ఎలగ నొక్కీగలవు?" గొంతు పెంచలేదు. టోకెన్లు పిలిచే గొంతుకన్నా నెమ్మదిగా ఉంది. "కొట్టినాను, తిట్టినాను. నిజిమే. దానికి కాళ్లు అడిగితే ఇచ్చీవోణ్నేమో. నువ్వు అడగనేదు."

"మరి ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ ఏటి? మంచే సెప్పినాను కదా నీ గురించి. ఒక్క సెడ్డమాట సెప్పినానా?"

ధర్మారావు లేస్తూ చెయ్యి నా మీద ఆనించాడు. "పైడికి సెప్పీస్తాను బావా. ఈ రోజే సెప్పీస్తాను."

"సెప్పవు." గౌరినాయుడు కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. "సెప్తే అది నీ మొకం సూడదు. ఇల్లు ఒగ్గీసి పోద్ది. అది పోతే నాకు కూడెవులు పెడతారు? నువ్వూ సిగ్గుతో ఎక్కడికో పోతావు. మరి నన్నెవులు మొయ్యాలి?"

రెండు చేతులూ చాపాడు, చంటిపిల్లలు ఎత్తుకోమని చాపినట్టు.

ధర్మారావు వంగాడు. ఆ చేతులు అతని మెడ చుట్టూ బిగిశాయి. మెట్లు ఎక్కుతుండగా గౌరినాయుడు ఏదో అన్నాడు, ధర్మారావు సరేనన్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు.

మర్నాడు శ్రీకాకుళం నుంచి ఒక తల్లి, మెడ మీద గడ్డతో ఉన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లను లోపలికి పంపి బయట గౌరినాయుడి కుర్చీ పక్కన కూర్చుంది. పిల్ల పోయిన దారివైపే చూస్తోంది. ఆమెకు ధైర్యం చెప్పడానికే అన్నట్టు గౌరినాయుడు కథ ఎత్తుకున్నాడు. పలక తన్నింది, కాళ్లు ఇరుక్కున్నాయి, పైకి చూసి అరిచాడు. ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది. ధర్మారావు మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని అప్పుడే మెట్లు దిగి వచ్చి నిలబడ్డాడు.

గౌరినాయుడు అక్కడ ఆగాడు.

"తర్వాతేమైంది బాబూ?" అంది ఆమె.

"నాకు అప్పటికే కళ్లు తిరిగిపోనాయి తల్లీ. అక్కడి నుంచి మా ధర్మాకే తెలుసు." క్యారేజీ అందుకుని, మూత తీసి, కూర ఏమిటో చూసుకున్నాడు. "ఆణ్నే అడుగు."

ఆమె ధర్మారావు వైపు తిరిగింది. కూతురు లోపల ఒంటరిగా ఉన్న ఆ కాసేపట్లో ఏదో ఒక మంచి మాట కావాలి ఆమెకు. కళ్లలో అది కనబడుతోంది.

"పంపు ఆపింది నువ్వేనా నాయనా?"

గౌరినాయుడు ముద్ద కలుపుతున్నాడు. తలెత్తలేదు.

"అవునమ్మా," అన్నాడు ధర్మారావు. "నానే. ఆపీసినాను."